పసిబిడ్డ బరువు: ఉత్తర సర్కారులు నేర్పిన పాఠము

బుగ్గలు నిండుగా, మణికట్టువద్ద మడతలు పడునట్లు బొద్దుగా ఉన్న పసిబిడ్డను చూచినవారందరును సంతోషింతురు. ఆ బిడ్డకు లోటేమియు లేదని తలంతురు. సన్నగా ఉన్న బిడ్డను చూచినచో తల్లికి పాలు చాలవేమో యందురు, దిష్టి తగిలినదందురు. త్రాసు లేకుండ, కొలబద్ద లేకుండ, కంటితో చూచి ఇచ్చెడి ఈ తీర్పు ప్రతి ఇంటను దినమునకు నాలుగుసార్లు వినబడునదే. తరతరములుగా ఇది చాలునని తల్లులు నమ్ముచు వచ్చిరి.

ఈ నమ్మకము ఎంత ప్రమాదకరమో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల తీరము ఒకప్పుడు మిక్కిలి కఠినముగా నేర్చుకొనవలసి వచ్చినది. ఇక్కడ బొద్దుగా కనబడుచున్న బిడ్డలే మూడవ నెలలోనో, నాలుగవ నెలలోనో ఒక్క దినములో కన్నుమూసిన కాలము ఉండెను. అటుపిమ్మట కూడ కన్ను మరి రెండుమార్లు మోసపోయినది. ఆ మూడు మోసముల కథయే పసిబిడ్డల బరువును గూర్చిన శాస్త్రము ఈ దేశమున పెరిగిన కథ.

సర్కారు తీరము, తెల్లని బియ్యము

ఈ రెండు జిల్లాల నేల పూర్వము శ్రీకాకుళము సర్కారులోనిది. గుంటూరు, కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను ఐదింటిని కలిపి ఉత్తర సర్కారులనెడివారు. ఆంగ్లేయుల పాలనలో ఈ ఉత్తరభాగము గంజాము, విశాఖపట్టణము జిల్లాలలో ఉండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు శ్రీకాకుళము ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము వేరువేరు జిల్లాలైనవి. 2022లో వీని కొండప్రాంతములో ఎక్కువ భాగము పార్వతీపురం మన్యం జిల్లాగా ఏర్పడినది. కాబట్టి పాత వైద్యగ్రంథములలో ఈ ప్రాంతపు వ్యాధులను వెదకువారు "ఉత్తర సర్కారులు" అను పేరుక్రింద చూడవలెను.

అట్లు చూచినచో మొట్టమొదట కనబడు వ్యాధి బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కుట, నడువలేకపోవుట, ఒడలు నీరుపట్టుట, తుదకు గుండె ఆగిపోవుట దీని లక్షణములు. మద్రాసు సైన్యములో వైద్యుడుగా ఉన్న జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ 1835లో ఈ వ్యాధి చరిత్రను, చికిత్సను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. సర్కారుల తీరము ఈ వ్యాధికి ఆటపట్టుగా అప్పటికే పేరుపడినది. గాలి మంచిది కాదనియు, నీరు మంచిది కాదనియు, చలితేమ కారణమనియు వైద్యులు పలువిధముల ఊహించిరి. పళ్ళెములోని అన్నము మీదికి ఎవరి దృష్టియు పోలేదు.

ఆ దృష్టి జావాద్వీపములో కలిగినది. 1890 తరువాతి సంవత్సరములలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, తెల్లగా మెరుగుపెట్టిన బియ్యము తిన్న కోళ్ళు బెరిబెరివంటి వ్యాధితో కూలబడుటయు, తవుడు కలిపి పెట్టగనే లేచి తిరుగుటయు గమనించెను. వడ్లగింజపై ఊకక్రింద నుండు సన్నని పొరలో ప్రాణాధారమైన పదార్థము ఏదియో కలదని తేలినది. దానినే తరువాత బి-1 విటమిను అనియు, థయమిను అనియు పేర్కొనిరి.

రోట దంచిన బియ్యమునకు ఆ పొర కొంత అంటియుండును. యంత్రపు మర ఆ పొరను తుడిచివేయును. జాతీయ పోషకాహార సంస్థవారి పట్టికల ప్రకారము 100 గ్రాముల మర పచ్చిబియ్యములో థయమిను సుమారు 0.06 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యములో 0.21. ఉత్తరాంధ్రలో చోళ్ళని పిలిచెడి రాగులలో 0.42 మిల్లీగ్రాములు. దీనికి తోడు బియ్యమును నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చి పారబోసినచో మిగిలిన కొంచెమును నీటిపాలగును. ఈ విటమినును శరీరము ఎక్కువకాలము దాచుకొనజాలదు. రెండు మూడు వారములు ఆహారములో అది లేకున్న లోపము బయటపడును.

కూనూరు పరిశోధనలు

1918లో నీలగిరులలోని కూనూరులో, పాశ్చరు సంస్థయొక్క ఒక గదిలో, రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు "బెరిబెరి విచారణ" అను పేర చిన్న పరిశోధనశాలను ప్రారంభించెను. నేడు హైదరాబాదులో నున్న జాతీయ పోషకాహార సంస్థకు పుట్టుక అదే. బెరిబెరికిని బియ్యమునకును గల సంబంధమును గూర్చి మెకారిసన్, నారిస్ కలిసి 1924లో ఒక నివేదికను ప్రకటించిరి. 1935లో ఆ పరిశోధనశాలకు అధిపతిగా వచ్చిన వాలేస్ అయిక్రాయిడ్ ఆ పనిని ముందుకు సాగించెను. ఆయనయు, ఆయన సహచరులును 1940లో భారతదేశపు బియ్యము సమస్యను గూర్చి వెలువరించిన గ్రంథములో ఒక చిక్కుముడి విప్పబడినది.

ఆ చిక్కుముడి యేమనగా, మద్రాసు రాష్ట్రమున తమిళజిల్లాలవారును అన్నమే తినుచుండిరి, మరబియ్యమే వండుకొనుచుండిరి. అయినను బెరిబెరి సర్కారులలోనే ఏల హెచ్చుగా ఉండెను? తమిళజిల్లాలలో ఉప్పుడు బియ్యపు వాడుక ఎక్కువ. వడ్లను నానబెట్టి, ఆవిరిలో ఉడికించి, ఎండబెట్టి, ఆ తరువాత మరపట్టింతురు. ఉడుకునప్పుడు పైపొరలోని విటమిను గింజలోపలికి ఇంకిపోవును. పిండిపదార్థము బిగిసి దానిని పట్టియుంచును. అందుచేత మర పైపొరను తీసివేసినను విటమిను చాలవరకు గింజలోనే నిలుచును. మరపట్టిన ఉప్పుడు బియ్యములోను 0.21 మిల్లీగ్రాముల థయమిను ఉండుటకు కారణమిదే. సర్కారులలో పచ్చిబియ్యమునే తెల్లగా మరపట్టి తినుచుండిరి. ఇంత చిన్న అలవాటు ఒక ప్రాంతమును కాపాడినది, మరియొకదానిని రోగమునకు ఒప్పగించినది.

మొదటి మోసము: నీరుపట్టిన బొద్దుతనము

పెద్దలకు కాళ్ళు లాగివేసెడి ఈ వ్యాధి చంటిబిడ్డలలో వేరొక రూపము దాల్చును. తల్లి ఆహారములో థయమిను లేనిచో ఆమె పాలలోను అది ఉండదు. బాలింతకు పథ్యమని పప్పును, కూరలను తగ్గించి, తెల్లని అన్నము, చారుతో సరిపెట్టు ఇండ్లలో ఈ లోపము మరింత పెరుగును. తల్లికి పైకి కనబడు రోగము లేకపోవచ్చును. బిడ్డ పాలు త్రాగుచునే యుండును. పాలు సమృద్ధిగానే యుండును. బిడ్డ ఒడలు పాలిపోయి, క్రమముగా నీరుచేరి, నిండుగా కనబడును. చుట్టుపట్లవారు "బిడ్డ ఒళ్ళుచేసినది" అని మెచ్చుకొందురు. ఒకనాడు బిడ్డ పాలు త్రాగనొల్లదు. ఊపిరి ఆడక నీలవర్ణము దాల్చును. ఏడ్చునుగాని గొంతు పెగలదు. నోరు తెరచి ఏడ్చుచున్నట్లు కనబడును, శబ్దము వెలువడదు. చికిత్స లేనిచో కొన్ని గంటలలో గుండె నిలిచిపోవును. ఇట్టి మరణములను బాలగ్రహమనుట పల్లెలలో సామాన్యము.

అయిక్రాయిడ్, కృష్ణన్ అను పరిశోధకులు 1941లో మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతములోని శిశుమరణములను పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించిరి. ఏ ప్రాంతమందైనను పుట్టిన మొదటి నెలలో మరణములు ఎక్కువగా ఉండి, నెలలు గడచినకొలది తగ్గిపోవలెను. సర్కారులలో అట్లు తగ్గక, రెండవ నెలనుండి ఐదవ నెలవరకు గల వయస్సులో మరణములు ఇతరప్రాంతములకంటె హెచ్చుగా ఉండెను. సరిగా ఈ నెలలలోనే శిశువులకు బెరిబెరి సోకును. బొద్దుగా ఉన్న బిడ్డల ఆకస్మికమరణములకు కారణము ఆ లెక్కలలో బయటపడినది. ఒక్కొక్క బిడ్డను విడిగా చూచిన కంటికి అందని సంగతి, నెలలవారీగా పేర్చిన అంకెలకు అందినది.

ఈ విటమినును కృత్రిమముగా తయారుచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు తెలుగుగడ్డపైనే పుట్టినవాడగుట ఒక విశేషము. రాబర్ట్ విలియమ్స్ 1886లో నెల్లూరులో, అమెరికా బాప్టిస్టు మిషనరీ దంపతులకు జన్మించెను. 1910లో ఆయన ఫిలిప్పైన్సులోని మనీలాలో ఉద్యోగియై యుండగా, ఎడ్వర్డు వెడ్డరు అను సైనికవైద్యుడు తవుడునుండి తీసిన సారమును ఆయన చేతికిచ్చి, దానిలోని మందేమిటో కనుగొనుమని కోరెను. చావునకు సిద్ధముగా ఉన్న బెరిబెరి శిశువునకు ఆ సారమును చుక్కలుగా పోయగా కొద్ది గంటలలో కోలుకొనుట విలియమ్స్ కన్నులార చూచెను. నాటినుండి 26 సంవత్సరములు ఆయన ఆ పదార్థమును విడువలేదు. అమెరికాలో టెలిఫోను పరిశోధనశాలలో ఉద్యోగము చేయుచు, తీరిక సమయములలో టన్నుల కొలది తవుడునుండి కొద్ది గ్రాములు వేరుచేసి, తుదకు 1936లో థయమినును ప్రయోగశాలలో నిర్మించెను. ఇట్టి మందు చేతికి వచ్చుటయు, ప్రజల ఆహారము కాలక్రమమున మారుటయు కారణములుగా సర్కారులలో ఆ వ్యాధి క్రమముగా అరుదైపోయినది.

రెండవ మోసము: ఉబ్బిన కాళ్ళు, తగ్గిన కండ

బెరిబెరి వెనుకకు తగ్గినను నీరుపట్టిన బిడ్డలు కనబడుట మానలేదు. ఈసారి వారు చంటిబిడ్డలు కారు. ఏడాది దాటి, తల్లిపాలు మానిన పిల్లలు. పశ్చిమాఫ్రికాలోని గోల్డుకోస్టులో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1933లో ఈ వ్యాధిని వర్ణించి, 1935లో దానిని క్వాషియార్కరు అను స్థానికనామముతో లోకమునకు తెలిపెను. తరువాతి బిడ్డ పుట్టగానే పక్కకు నెట్టబడిన బిడ్డకు వచ్చు జబ్బు అని ఆ మాటకు తాత్పర్యము. కాళ్ళు, ముఖము ఉబ్బును. జుట్టు రంగు వెలసిపోవును. చర్మము పొరలుగా లేచును. బిడ్డ నవ్వదు, ఆడదు.

కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. అక్కడ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య మొదలగువారు ఈ వ్యాధిని చిరకాలము పరిశీలించిరి. క్వాషియార్కరు వచ్చిన బిడ్డకు చికిత్స చేయునప్పుడు వింతగా మొదట బరువు తగ్గును. ఒంటిలో చేరిన నీరు దిగిపోవుటచేత అట్లగును. నీరు దిగిన తరువాత చూచినచో, నిండుగా తోచిన ఆ శరీరములో కండ ఎంత కరిగిపోయినదో తెలియును. కన్నే గాక, ఒక్కసారి మాత్రమే తూచిన త్రాసు సయితము మోసపోవునని ఈ వ్యాధి నేర్పినది.

ఆ కాలమున ప్రపంచమందలి నిపుణులలో చాలమంది ఇది మాంసకృత్తుల లోపమని భావించి, మాంసకృత్తుల పొడులను వెదకసాగిరి. హైదరాబాదు పరిశోధకులు వేరుమార్గమున పోయిరి. శుష్కించిన పిల్లల ఆహారమునకును, ఉబ్బిన పిల్లల ఆహారమునకును భేదము కనబడలేదని గోపాలన్ 1968లో తెలిపెను. వీరందరికిని తక్కువైనది ముఖ్యముగా మొత్తము అన్నమే. దీనిని పరీక్షింపదలచి, హైదరాబాదు సమీపగ్రామములలో ఒకటినుండి ఐదేండ్ల వయస్సుగల పిల్లలకు 14 నెలలపాటు దినమునకు 310 కేలరీల అదనపు ఆహారము పెట్టిరి. అందులో మాంసకృత్తులు 3 గ్రాములే. అయినను ఆ పిల్లలు ఇతరులకంటె ఎత్తులోను, బరువులోను హెచ్చుగా పెరిగిరి. ఈ ఫలితము 1973లో ప్రకటింపబడినది.

ఇంటిలో అన్నము ఉండియు బిడ్డకు చాలకుండుట ఎట్లు సంభవించును? ఏడాది బిడ్డ కడుపు చిన్నది. పల్చని గంజితోగాని, నీళ్ళ అంబలితోగాని అది త్వరగా నిండును. నిండినదానిలో కేలరీలు కొంచెమే. చిక్కగా కాచినచో బిడ్డ మ్రింగజాలదు. దీనికి ఉపాయము చోళ్ళలోనే కలదు. చోళ్ళను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండిచేసినచో, మొలకలో పుట్టిన రసాయనములు పిండిపదార్థమును విడగొట్టును. అట్టి పిండితో కాచిన జావలో పిండి ఎక్కువ వేసినను గడ్డకట్టదు. దానిలో ఒక చెంచా నూనెగాని, నెయ్యిగాని కలిపినచో చిన్న గిన్నెడు జావలోనే తగిన బలము చేరును. నూరు గ్రాముల చోళ్ళలో కాల్షియము సుమారు 350 మిల్లీగ్రాములు ఉండును. బియ్యములో అది పది మిల్లీగ్రాముల మాత్రమే. సీతంపేట, పార్వతీపురము మన్యములో తరతరములుగా త్రాగుచున్న చోడి అంబలి ఇట్లు చిన్నబిడ్డలకు మరింత ఉపయోగకరమగును.

త్రాసు, గీత

కన్ను మోసపోవునని తెలిసిన తరువాత త్రాసు ప్రాధాన్యము పెరిగినది. పారిసులో పియేర్ బుదే అను వైద్యుడు 1892లోనే చంటిబిడ్డలను ప్రతివారము తూచి, తల్లులకు సలహా చెప్పు సభలను ప్రారంభించెను. ఆరోగ్యవంతులైన బిడ్డలను సయితము వైద్యునివద్దకు తీసికొనివచ్చుట అప్పటికి క్రొత్త. 1950 తరువాతి కాలమున నైజీరియాలోని ఇలేషా పట్టణమున పనిచేసిన డేవిడ్ మోర్లీ అను ఆంగ్లవైద్యుడు దీనిని పేదగ్రామములకు అనుకూలముగా మలచెను. ఆయన తయారుచేసిన పటములో అడుగున బిడ్డ వయస్సు నెలలలో, ప్రక్కన బరువు కిలోలలో ఉండును. తూచినప్పుడెల్ల ఒక చుక్క. చుక్కలను కలిపినచో గీత. పటము ఆసుపత్రి బీరువాలో గాక తల్లియొద్దనే ఉండవలెనని ఆయన నియమము. చదువురాని తల్లియు గీత పైకి పోవుచున్నదా, క్రిందికి వంగుచున్నదా అని చూచుకొనవచ్చును.

ఈ గీతలోని అర్థమును ఒక ఉదాహరణముతో గ్రహింపవచ్చును. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరికిని ఏడాది నిండినది, ఇద్దరును 8 కిలోలు తూగిరి. ఆ వయస్సున ఆడపిల్లకు మధ్యమప్రమాణము సుమారు 9 కిలోలు, క్రిందిహద్దు 7 కిలోలు. కాబట్టి ఇద్దరును హద్దులోనే ఉన్నారు. కాని మూడు నెలల క్రిందట మొదటిపిల్ల 7 కిలోలు, రెండవపిల్ల 8.6 కిలోలు తూగియుండిరనుకొనుడు. మొదటిపిల్ల చక్కగా ఎదుగుచున్నది. రెండవపిల్లకు విరేచనములో, జ్వరమో, తిండి చాలమియో ఏదో ఒకటి జరిగినది. ఆమెను వెంటనే చూడవలెను. ఒక్కనాటి బరువు ఈ రహస్యమును ఎన్నటికిని చెప్పజాలదు.

భారతదేశమున 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము 33 ప్రాంతములలో ప్రారంభమై, అంగన్‌వాడీలద్వారా ఈ పటము పల్లెలకు వచ్చినది. తొలుత వాడిన ప్రమాణములు అన్యదేశపు పిల్లల కొలతలనుండి తీసినవి. మన పిల్లలు పుట్టుకచేతనే చిన్నవారని వాదించినవారును ఉండిరి. ఈ వాదమును తేల్చుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997నుండి 2003వరకు బ్రెజిలు, ఘనా, భారతదేశము, నార్వే, ఒమాను, అమెరికా దేశములలో సుమారు 8,500 మంది పిల్లలను కొలిపించినది. తల్లిపాలు త్రాగి, తగిన ఆహారము, శుభ్రత, వైద్యము పొందిన పిల్లలనే ఎంచుకొనిరి. అట్టి ఢిల్లీపిల్లలును, ఓస్లోపిల్లలును మొదటి ఐదేండ్లలో ఇంచుమించు ఒకే తీరున పెరుగుట కనబడినది. 2006లో ఈ ప్రమాణములు వెలువడినవి. భారత ప్రభుత్వము 2008లో వానిని స్వీకరించినది. ఎదుగక నిలిచిపోయిన బిడ్డను చూచి "మా వంశమే ఇంత" అనుటకు మొదటి ఐదేండ్లలో ఆధారము లేకపోయినది.

బిడ్డను తూచినచో దిష్టి తగులునను భయము కొన్ని ఇండ్లలో నేటికిని కలదు. మొలత్రాడు బిగుతైనదో వదులైనదో చూచి బిడ్డ ఎదుగుదలను ఊహించు పెద్దలును కలరు. వారు చేయుచున్నదియు కొలుచుటయే. త్రాసు అదే పనిని తప్పులేకుండ చేయును.

మూడవ మోసము: ఎదిగిన ఒడలో, చేరిన క్రొవ్వో

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2015-16లో ఆంధ్రప్రదేశమున ఐదేండ్లలోపు పిల్లలలో వయస్సునకు తగిన బరువు లేనివారు నూటికి 31.9, 2019-21 నాటికి 29.6. అదే కాలమున ఎత్తునకు మించిన బరువుగలవారు 1.2 నుండి 2.7 అయిరి. ఈ రెండవ సంఖ్య చిన్నదే గాని, అయిదేండ్లలో రెట్టింపు దాటినది. ఒకే రాష్ట్రమున, ఒక్కొక్కప్పుడు ఒకే వీధిలో, బరువు చాలని బిడ్డయు బరువు మించిన బిడ్డయు పెరుగుచున్నారు. ఈ రెండవ బిడ్డను చూచి మురియుచున్న కన్ను ఆనాడు నీరుపట్టిన శిశువును చూచి మురిసిన కన్నే.

ఇక్కడ తల్లులను పొరబాటుపడజేయు సహజధర్మము ఒకటి కలదు. మొదటి యేడు బిడ్డ బరువు సుమారు ఆరు కిలోలు పెరుగును. రెండవ యేడు రెండున్నర కిలోలు. అటుపై ఏడాదికి రెండు కిలోలు మాత్రమే. ఎత్తు మాత్రము పెరుగుచునే యుండును. కనుక ఏడాది దాటిన బిడ్డ సన్నబడినట్లు కనబడును. ఎదుగుదల వేగము తగ్గుటచే ఆకలియు తగ్గును. ఐదారేండ్ల వరకు ఇట్లుండి, ఆపైన శరీరములో క్రొవ్వు తిరిగి పెరుగ నారంభించును. ఇది ప్రకృతి ఏర్పాటు. దీనిని జబ్బని తలచి, పరుగెత్తుచున్న పిల్లవాని వెంట గిన్నె పట్టుకొని తిరుగుచు, చక్కెరపాలు, బిస్కట్లు, చిప్స్ పొట్లములు అందించుట నేడు ఇంటింట కనబడును. ఈ క్రొవ్వుయొక్క పునరాగమనము ఎంత ముందుగా వచ్చిన, పెద్దయిన తరువాత స్థూలకాయము వచ్చు అవకాశము అంత హెచ్చని ఫ్రాన్సు పరిశోధకులు 1984లో చూపిరి.

ఢిల్లీలో పుట్టిననాటినుండి కొలతలు తీసి, 26 మొదలు 32 ఏండ్ల వయస్సులో తిరిగి పరీక్షించిన సుమారు 1,500 మంది వృత్తాంతము 2004లో ప్రకటింపబడినది. మధుమేహము వచ్చినవారిలోను, దాని అంచున ఉన్నవారిలోను ఎక్కువమంది రెండేండ్ల వరకు సన్నగానే యుండి, ఆ తరువాత త్వరత్వరగా బరువెక్కినవారు. ఇందుకు వ్యతిరేకమైన చిత్రము హైదరాబాదు సమీపమున కనబడినది. 1987-90 మధ్య 15 గ్రామములలో గర్భిణులకు, ఆరేండ్లలోపు పిల్లలకు అదనపు ఆహారము లభించినది. మరి 14 గ్రామములలో అప్పటికి ఆ పథకము రాలేదు. ఆ పిల్లలు కౌమారదశకు వచ్చిన తరువాత పరీక్షింపగా, ఆహారము లభించిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండిరి. క్రొవ్వు మాత్రము హెచ్చలేదు. ఇన్సులిను పనితీరు, రక్తనాళముల మృదుత్వము మెరుగుగా ఉండెను. ఈ ఫలితము 2008లో వెలువడినది.

ఈ రెండు పరిశోధనలను కలిపి చదివినచో బరువును గూర్చిన ముఖ్యసూత్రము తేటపడును. గర్భమునందును, మొదటి రెండేండ్లలోను చేరిన తిండి ఎముకకు, కండకు పోవును. అప్పుడు లోటుచేసి, ఆ లోటును తీర్చుదమని తరువాత కుక్కినది క్రొవ్వుగా నిలుచును.

ఇంటివారు చేయదగినది

పుట్టిన మొదటి గంటలోనే తల్లిపాలు పట్టవలెను; ఆరునెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదు. బాలింత పథ్యము పేర పప్పు, ఆకుకూరలు, గ్రుడ్లు మాన్పరాదు. ఆమె తిన్నదే బిడ్డకు చేరునని బెరిబెరి చరిత్ర నేర్పినది. ఆరునెలలు నిండగానే మెత్తని చిక్కని ఆహారము ప్రారంభింపవలెను. అన్నము, పప్పు, నూనెచుక్క, మెదిపిన ఆకుకూర, ఉడికిన గ్రుడ్డు, మొలకల చోడిజావ ఇందుకు తగినవి. రెండేండ్లు నిండువరకు ఆహారములో చక్కెర కలుపవలదని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శక సూత్రములలో చెప్పినది. సీసాలలోని తీపిపానీయములకు ఏ వయస్సునందును చోటులేదు.

బిడ్డ తల త్రిప్పుకొన్నచో కడుపు నిండినదని అర్థము, బలవంతముగా కుక్కరాదు. జబ్బుచేసి లేచిన బిడ్డకు మాత్రము కొన్నినాళ్ళు ఒక పూట ఎక్కువ పెట్టవలెను. ఒకటినుండి నాలుగేండ్ల పిల్లలు దినమునకు మూడు గంటలకు తక్కువకాకుండ మెదలుచు, ఆడుచు ఉండవలెననియు, రెండేండ్లలోపు పిల్లలను తెరలముందు కూర్చుండబెట్టరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. సెల్‌ఫోను చూపుచు తినిపించుటవలన బిడ్డ తన ఆకలిని తానే మరచును. బరువు మించిన పసిబిడ్డను పస్తు పెట్టరాదు. చిరుతిండ్లు మాన్పి, ఆట పెంచి, ఎత్తు పెరుగునంతవరకు బరువు నిలకడగా ఉండునట్లు చూచుకొనుట ఉత్తమము. మరీ ఎక్కువగా ఉన్నచో వైద్యుని సలహా పొందవలెను.

వీనియన్నిటికంటె ముందు నెలనెల తూకము తప్పరాదు. త్రాసు మందు కాదు. తూచినంతమాత్రమున బిడ్డ పెరుగదు. గీత వంగిన దినమున ఎవరో ఒకరు ఆగి, ఈ నెల బిడ్డకేమైనది, ఏమి తినుచున్నది, ఎన్నిసార్లు విరేచనములైనవి అని అడిగినప్పుడే ఆ చుక్కకు విలువ. అంగన్‌వాడీ కార్యకర్త అడుగనిచో తల్లి తానే అడుగవచ్చును. తల్లి మరచినచో నాయనమ్మ గుర్తుచేయవచ్చును. సర్కారు తీరమున గొంతు పెగలక ఏడ్చిన ఆ బిడ్డల బాధను ఆనాడు వినగలవారు లేకపోయిరి. నేడు బిడ్డ నోరు తెరువకముందే దాని బాధను చెప్పగల గీత ప్రతి తల్లి చేతిలోని పుస్తకములో ఉన్నది. దానిని నెలకొకసారి తెరచి చూచుట మాత్రమే మిగిలిన పని.